మీనాపని – నగకు వెనుకతట్టు

హైదరాబాదు నగరమున మూసీనదికి ఉత్తరపుగట్టున, అఫ్జల్‌గంజికి చేరువగా బేగంబజారు కలదు. రెండవ ఆసఫ్‌జా యగు నిజాము అలీఖాను (1762–1803) భార్య హుమ్దాబేగము ఈ స్థలమును వర్తకుల కొసగెననియు, అందువలననే దీనికి బేగంబజారని పేరు కలిగెననియు చెప్పుదురు. నేటికిని ఇది టోకు వ్యాపారమునకు ప్రసిద్ధి. ఇత్తడి బిందెలు, రాగి చెంబులు, ఉక్కు గిన్నెలు, మసాలా దినుసులు, గిల్టు నగలు మొదలగువాని కొఱకు దూరపు పల్లెలనుండి కూడ జనులు ఇచ్చటికి వత్తురు. పెండ్లి కుదిరిన యింటివారు ఈ వీథులలో ఒకసారియైన తిరుగక మానరు.

అట్లు తిరుగువారి కంటికి ఒక యంగడిలో నీలిరంగు అంచుగల తెల్లని ఎనామిలు పళ్లెము కనబడును. వారి మేనిపైనో, చుట్టముల మేనిపైనో పెద్దలనాటి బంగారు పతకమొకటి యుండును. దాని వెనుకతట్టున ఎఱ్ఱని పూవులును పచ్చని ఆకులును మెఱయుచుండును. ఒకటి ఇనుము, వంటింటిది. మఱియొకటి బంగారము, మెడలోనిది. ఈ రెంటికిని పొత్తేమని యందురు. కాని శాస్త్రము ననుసరించి చూచినచో రెండును ఒక్క కుటుంబములోనివే. రెంటియందును లోహముపై గాజును కరగించి అతికించిరి.

అదే బజారులో మూడవ వస్తువును కలదు. అది గిల్టుపతకము. దానిపైని రంగును కూడ మీనా యనియే అమ్ముదురు. చూపునకు అది పెద్దలనాటి పతకము వలెనే యుండును. కాని తఱచుగా దానిపై గాజు లేదు. ఆ రంగు నిప్పును చూచినది కాదు. ఈ మూడింటి భేదమును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తేటపఱచుటయే మేము ఈ వ్యాసమున తలపెట్టిన పని.

మీనా యన నేమి?

మీనా యను మాట వినగానే బాలురు కొందఱు మీనమును, అనగా చేపను, తలంతురు. ఆ సంబంధ మేమియు లేదు. ఇది పారసీక భాషలోని మాట. గాజుపూతకును, నీలివన్నె గాజునకును ఆ భాషలో ఇది పేరు. ఆ పనికి మీనాకారీ యనియు, చేయువానికి మీనాకారుడనియు వాడుక. ఆంగ్లమున దీనినే ఎనామిలు అందురు. పంటిపైని గట్టిపొరకును ఎనామిలు అనియే పేరు గలదు. కాని అది గాజు కాదు, పోలికవలన వచ్చిన పేరు మాత్రమే.

గాజునకు మూలము ఇసుక. శుద్ధమైన తెల్లని ఇసుక ఒంటరిగా కరగవలెనన్న 1,700 సెంటిగ్రేడు డిగ్రీలకు మించిన వేడి కావలెను. బంగారము 1,064 డిగ్రీలకును, వెండి 962 డిగ్రీలకును, రాగి 1,085 డిగ్రీలకును కరగిపోవును. ఇసుక కరగులోపల నగయే నీరైపోవును గదా! కావున ఇసుకకు సీసభస్మమును, వెలిగారమును, సోడా మొదలగు క్షారములను చేర్చి, తక్కువ వేడికే కరగు గాజును సిద్ధముచేయుదురు. అట్టి గాజు సుమారు 700 మొదలు 850 డిగ్రీల వఱకు గల వేడిలో కరగి లోహమును పట్టుకొనును. ఇందులోని వెలిగారము మన కంసాలి అతుకులు పెట్టునప్పుడు వాడునదే.

వెండి కరగు 962 డిగ్రీలకును, గాజు కరగు 800 డిగ్రీలకును నడుమ నుండు ఎడము ఎంత స్వల్పమో గమనింపుడు. ఇంచుమించు నూటయఱువది డిగ్రీలు మాత్రమే. పూర్వపు మీనాకారునికి ఉష్ణమాపకము లేదు. కొలిమిలోని యెఱుపు ఎట్టి ఛాయలో నున్నదో చూచి, గాజు ఎప్పుడు నీటివలె మెఱసెనో చూచి, ఆ క్షణముననే నగను వెలికి తీసెడివాడు. కొంచెము ముందైన గాజు గరుకుగా నిలిచిపోవును. కొంచెము ఆలస్యమైన పనియంతయు పాడగును.

గాజునకును లోహమునకును పొత్తు

వేడిచేసిన వస్తువులు పెరుగుననియు, చల్లారినప్పుడు తగ్గుననియు మీరు భౌతికశాస్త్రమున చదివితిరి. ఒక మీటరు పొడవుగల కడ్డీని 100 డిగ్రీలు వేడిచేసినచో ఇనుము సుమారు 1.2 మిల్లీమీటరులు, బంగారము 1.4, రాగి 1.7, వెండి 1.9 మిల్లీమీటరులు పెరుగును. కిటికీలలోని సామాన్యమైన గాజు 0.9 మిల్లీమీటరు మాత్రమే పెరుగును.

వెండిపై ఈ సామాన్యపు గాజునే అతికించితిమనుకొనుడు. చల్లారునప్పుడు వెండి ఎక్కువగా ముడుచుకొనును. గాజు అంతగా ముడుచుకొనలేక నొక్కబడును. నొక్కుడు మితిమీరినచో పెళ్లలుగా లేచిపోవును. అట్లుగాక గాజు లోహముకంటె ఎక్కువ ముడుచుకొనునదైనచో నలువైపుల లాగబడి చీలిపోవును. గాజునకు నొక్కుడు నోర్చు బలము మెండు. లాగుట నోర్చు బలము కొంచెము. కావున లోహముకంటె స్వల్పముగా మాత్రమే తక్కువ ముడుచుకొను గాజును ఎన్నుకొనవలయును. పూర్వపు పనివారికి ఈ లెక్కలు తెలియవు. కాని ఏ లోహమునకు ఏ గాజు పొసగునో తరతరముల అనుభవము వారికి నేర్పినది.

పలుచని రేకునకు ఒకతట్టుననే గాజు పూసినచో రేకు వంగిపోవును. అందుచేత వెనుకతట్టున కూడ పూయవలసి వచ్చును. మీ యింట ఎనామిలు పళ్లెమున్నచో తిరగవేసి చూడుడు. అన్నము పెట్టుకొనని ఆ వైపున కూడ గాజుపూత యుండును. ఏదైన పాత పళ్లెము అంచున పెచ్చు ఊడియుండినచో అచ్చటి నల్లని మచ్చను, త్రుప్పును కూడ గమనింపుడు. పూత ఉన్నంతవఱకు నీరు ఇనుమును తాకలేదు. ఊడినచోటనే త్రుప్పు మొదలయ్యెను. ఇనుప పళ్లెము క్రిందపడినప్పుడు సొట్టపడగలదు, గాజు సొట్టపడలేదు. అందువలన పెచ్చు లేచును. బంగారు నగకును ఇదియే నియమము.

రంగులు

రంగులేని గాజునకు లోహభస్మములను కొద్దికొద్దిగా చేర్చి వన్నెలు కలిగింతురు. కోబాల్టువలన నీలము, మాంగనీసువలన ఊదా, తగరపు భస్మమువలన పాలవంటి తెలుపు కలుగును. రాగి భస్మము గాజులోని క్షారమును, సీసమును బట్టి ఒకచో నెమలికంఠపు నీలమును, ఒకచో ఆకుపచ్చను ఇచ్చును. ఎఱుపు అన్నిటికంటె కష్టమైనది. అతిసూక్ష్మమైన బంగారు కణములు గాజులో వ్యాపించినప్పుడు మాణిక్యపు ఛాయ కలుగును. వేయి పాళ్ల గాజునకు ఒక పాలు బంగారము కూడ దీనికి అక్కఱలేదు. కాని వేడి తప్పినచో ఆ యెఱుపు గోధుమవన్నెకు దిగిపోవును. అందుచేత హెచ్చు వేడి నోర్చు రంగులను ముందు కాల్చి, ఎఱుపును కడపట కాల్చుట వాడుక.

మెదకులోని మహాదేవాలయము 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రతిష్ఠింపబడినది. దాని రంగుగాజు కిటికీలను మనలో పెక్కండ్రు చూచియుందురు. క్రీస్తు జననము, సిలువ, ఆరోహణము చిత్రించిన ఆ గాజులయందును లోహభస్మములే వన్నెలనిచ్చినవి. అయితే ఒక భేదము కలదు. కిటికీయందు వెలుగు వెలుపలినుండి లోనికి ఒక్కమారు గాజుగుండ సాగి మన కంటిని చేరును. మీనాయందు వెలుగు గాజుగుండ లోనికి పోయి, అడుగునున్న బంగారమును తాకి, మరల గాజుగుండనే వెనుకకు వచ్చును. అనగా రెండుమారులు రంగులో మునిగి వచ్చును. ఆ కారణముచేతనే మంచి మీనా లోనుండి వెలుగుచున్నట్లు తోచును. మీనాకారుడు బంగారమును చెక్కి గుంటలు చేయునప్పుడు వాని అడుగున సన్నని గీతలు గీయుటకును ఇదియే హేతువు. ఆ గీతలపై వెలుగు పలుదిక్కుల విరిసి మెఱయును. గాజు పట్టుకొని నిలుచుటకును అవి తోడ్పడును.

ఎచ్చటినుండి వచ్చినది?

ఈ కళ మిక్కిలి ప్రాచీనమైనది. మధ్యధరా సముద్రమునందలి సైప్రసు ద్వీపమున క్రీస్తుపూర్వము 13వ శతాబ్దినాటి మీనా బంగారు ఉంగరములు దొరికినవి. పిమ్మట బైజాంటియమునందు క్రైస్తవ దేవాలయముల పవిత్రచిత్రములకు సన్నని బంగారు తీగెలతో గదులు కట్టి, ఆ గదులలో గాజు నింపు పద్ధతి అత్యున్నత దశ నందెను. ఫ్రాన్సు దేశమున లిమోజు పట్టణము 12వ శతాబ్దినుండి ఇందుకు పేరుగాంచెను. చీనా దేశమున మింగు వంశపు చక్రవర్తుల కాలమున తీగెపద్ధతి వర్ధిల్లెను.

మన దేశమున అక్బరు కాలమునందు అబుల్ ఫజలు వ్రాసిన ఐనీ అక్బరీలో మీనాకారులు కూడ పేర్కొనబడిరి. ఆంబేరు రాజగు మానసింహుడు (1589–1614) లాహోరునుండి ఐదుగురు పనివారిని పిలిపించి తన రాజ్యమున నిలిపెనని ప్రతీతి. 1727వ సంవత్సరమున జయపురము నిర్మింపబడిన పిమ్మట ఆ నగరమే ఈ పనికి నెలవయ్యెను. జయపురపు పద్ధతిలో తీగెలు కట్టరు. లోహమునే చెక్కి, ఆ గుంటలలో గాజు నింపుదురు.

దక్కను దేశమునకు ఈ కళ దర్బారులవెంట వచ్చినది. మన తెలుగునాటి కంసాలులు కెంపులు, రవ్వలు పొదుగుటలో ఆరితేరినవారు. కృష్ణాతీరమున కొల్లూరు గనులలో దొరకిన వజ్రములు గోలకొండ బజారునుండి లోకమంతట వ్యాపించినవి. అట్టి రత్నములకును మొగలాయి దర్బారునుండి వచ్చిన మీనాపనికిని హైదరాబాదు కూడలి యయ్యెను. నగ ముందుతట్టున వజ్రములు, పచ్చలు, కెంపులు, వెనుకతట్టున మీనా. నిజాముల నగలలో ఇట్టివి పెక్కులు కలవు. కడపటి నిజామగు మీర్ ఉస్మాన్ అలీఖాను ఏర్పఱచిన ధర్మనిధులనుండి భారత ప్రభుత్వము 1995వ సంవత్సరమున 173 వస్తువులను సుమారు 218 కోట్ల రూపాయలకు కొనెను. 2001వ సంవత్సరమున మన నగరపు సాలార్జంగు మ్యూజియమునందు వానిని జనులు చూచుటకై ఉంచినప్పుడు, ఎల్లరును ఎగబడి చూచినది 184 కారట్లకు మించిన జేకబు వజ్రమును. నగల వెనుకతట్టును చూడవలెనని తోచినవారు కొందఱే యుందురు.

వేడి దిగు మెట్లు

ఇక పని జరుగు క్రమమును చూతము. పూర్వపు పద్ధతిలో ఒక నగ ఆఱుగురి చేతులమీదుగ పోవును. చితేరా చిత్రము గీయును. సునారు, అనగా కంసాలి, బంగారు రేకులను అతికి లోన బోలుగా నగను కట్టును. ఘడియా దానిపై పూవులను ఆకులను చెక్కును. మీనాకారుడు గాజు నింపి కాల్చును. జడియా రాళ్లు పొదుగును. పట్వా దారము గ్రుచ్చి కట్టును. ఈ క్రమము ఊరక ఏర్పడినది కాదు; వేడియే దీనిని ఏర్పఱచినది.

మీనాకారుడు గాజుముద్దను కల్వమున నీటితో మెత్తగా నూఱి, మురికినీరు పోవువఱకు పలుమారులు కడుగును. చెక్కిన నగను చింతపండు మొదలగు పులుపులతో తోమి, చేతిజిడ్డు తగులకుండ శుభ్రపఱచును. సన్నని సలాకతో తడిపొడిని గుంటలలో పెట్టి, నీరు ఇంకించి, పూర్తిగా ఆఱిన పిమ్మట కొలిమిలో పెట్టును. తడి యున్నచో ఆవిరి లేచి పొడి చెదరిపోవును. కాలినపుడు పొడి కరగి క్రుంగును గావున మరల నింపి మరల కాల్చవలెను. ఒక్కొక్క రంగునకు ఇట్లే. కడపట రాతితో సాన పట్టి నునుపుచేసి, పులుపుతో మరల తోమును. బంగారములో రాగిపాలు హెచ్చైనచో కాల్చినప్పుడు నల్లబాఱి గాజు వన్నె చెడును. అందుచేత మీనాకు మేలిమికి దగ్గఱగా నున్న బంగారమునే కోరుదురు.

తరువాత జడియా వంతు. బోలుగా నున్న నగలోనికి లక్కను నింపి, దానిపై రాళ్లను కూర్చి, వాని చుట్టును కుందనమును నొక్కును. కుందనమనగా మలినము లేకుండ శుద్ధిచేసిన బంగారపు పలుచని రేకు. అతిశుద్ధమగుటచే ఆ రేకులు కొలిమి యక్కఱలేకయే, నొక్కినంతమాత్రమున ఒకదాని నొకటి పట్టుకొనును. మన భాషలో కుందనపు బొమ్మ యను మాట ఈ మేలిమినుండియే వచ్చినది.

ఇప్పుడు వేడి లెక్కను వరుసగా వ్రాసికొనుడు. మొదట కంసాలి అతుకులు. అవి మీనా కాల్చు వేడికి విడిపోకుండునట్లు అంతకంటె హెచ్చు వేడికి కరగునవిగా ఉండవలెను. పిమ్మట మీనా, సుమారు 800 డిగ్రీలు. పిమ్మట లక్క, ఇది నీరు కాగు 100 డిగ్రీలకు లోపలనే మెత్తబడును. కడపట కుందనము, దీనికి కొలిమియే లేదు. మెట్లు దిగినట్లుగ ప్రతి పనియు ముందు పనికంటె తక్కువ వేడితో సాగవలెను. లేనిచో వెనుక వచ్చినవాడు ముందటివాని పనిని చెఱచును. ఒక మెట్టు దిగిన నగను మరల మీది మెట్టునకు ఎక్కించుటకు వీలులేదు.

వెనుకతట్టు ఎందులకు?

ఈ లెక్కనుండి ఒక ముఖ్యవిషయము తేలుచున్నది. రాళ్లు పొదిగి ముగించిన పిమ్మట వెనుకనున్న మీనాలో చిన్న పగులు కనబడినను, దానిని మరల కాల్చి సరిచేయుటకు వీలుపడదు. కొలిమిలో పెట్టినచో లక్క కరగి పొగలై పోవును, రాళ్లు చెదరును. సరిచేయవలెనన్న రాళ్లన్నిటిని ఊడదీసి, లక్కను తొలగించి, మొదటినుండి ఆరంభింపవలెను. అనగా ఎవ్వరును చూడరని తలచు వెనుకతట్టు పనియే మొట్టమొదట, తప్పులేకుండ, ముగియవలెను. దానిపై నమ్మకముతోడనే జడియా తన వజ్రమును కూర్చును.

ఎవరును చూడనిచోట ఇంత శ్రమ యెందులకని మీరడుగవచ్చును. దీనికి వాడుకనుబట్టి చెప్పదగిన సమాధానములు కలవు. శుద్ధమైన బంగారము మెత్తనిది. మెడపైనను, దండపైనను ఒఱయుచు, చెమటతోను వస్త్రముతోను రాపిడి పడుచు అరిగిపోవును. గాజుపొర దానిని కాపాడును. రెండవది, పతకము మెడలో తిరుగుచుండును. ఏవైపు ముందునకు వచ్చినను చూడదగినదిగా నుండవలెను. మూడవది, ధరించినవారి మేనికి తగులునది వెనుకతట్టే. లోకమునకు ముందుభాగము, తమకు వెనుకభాగము. పైన పటారము, లోన లొటారమని మనవారు హాస్యమాడుదురు గదా! మంచి మీనానగ ఆ సామెతకు ఎదురుగా నిలుచును.

చల్లని మీనా

ఇప్పుడు మొదట చెప్పిన మూడవ వస్తువునకు వత్తము. రెండు ద్రవములను కలిపినచో గట్టిపడు ఎపాక్సీ యను జిగురు కలదు. దానికి రంగు చేర్చి లోహముపై పూసి ఆఱబెట్టుదురు. దీనికి కొలిమి లేదు. రాళ్లు పొదిగిన తరువాత కూడ పూయవచ్చును. తప్పు జరిగిన గీకి మరల పూయవచ్చును. వేడి మెట్ల నియమము దీనికి వర్తింపదు. అందుచేతనే చౌక. దానిని రంగుపూత యనియే చెప్పి, ఆ ధరకే యమ్మినచో తప్పులేదు. పేదయింటి పిల్ల పండుగనాడు పెట్టుకొని సంతోషించును. మీనా యని చెప్పి మీనా ధరకు అమ్మినప్పుడే మోసము. అట్టి మోసమువలన కొన్నవాడొక్కడే నష్టపోడు. నెల దినములు కొలిమియొద్ద కూర్చున్న పనివాడు ఒక్క పూటలో పూసినవానితో ధరయందు పోటీపడలేక తన పనిముట్లను కట్టివేయును.

గుఱుతు పట్టు విధములు కొన్ని చెప్పెదము. గాజు చెంపకు ఆనించిన చల్లగా తోచి, ఆ చల్లదనము కొంతసేపు నిలుచును. జిగురుపూత త్వరగా వెచ్చబడును. గాజును గుండుసూది సామాన్యముగా గీయజాలదు. జిగురుపై గీత పడును. కాని అంగడివాని అనుమతిలేక అతని సరుకును గీయుట మర్యాదకాదు. మీ సొంతపు పాత గిల్టునగపై చూడుడు. భూతద్దముతో చూచినచో సాన పట్టిన మీనా లోహముతో సమముగా నుండును. జిగురుపూత తఱచుగా బిందువువలె ఉబ్బి యుండును, ఏండ్లు గడచిన పసుపుబాఱును. ఇవి సూచనలే కాని తీర్పులు కావు; పెద్దమొత్తమునకు కొనునప్పుడు తెలిసినవానికి చూపి కొనవలెను.

తూకమును గూర్చి ఒక గణితము. ఒక కుందనపు పతకము 30 గ్రాములు తూగినదనుకొనుడు. అందు రాళ్లు, లక్క, గాజు కలిసి 6 గ్రాములు. బంగారము 24 గ్రాములు మాత్రమే. మొత్తము తూకమునకు బంగారు ధర కట్టినచో, కొన్నవాడు బంగారు సొమ్ములో అయిదింట ఒక పాలు లక్కకును రాళ్లకును గాజునకును ఇచ్చినవాడగును. రాళ్లకు వేఱుగ ధర కట్టినచో ఆ రాళ్లకే రెండుమారులు చెల్లించును. కావున మొత్తపు తూకము, నికరపు బంగారు తూకము, రాళ్ల ధర, పనికూలి వేఱువేఱుగ బిల్లుపై వ్రాయించుకొనవలెను. 2021 జూను 16వ తేదీనుండి ప్రభుత్వము బంగారునగలపై హాల్‌మార్కు ముద్రను జిల్లాలవారీగా నిర్బంధము చేయనారంభించినప్పుడు, కుందనము, పోల్కీ, జడావు నగలకు మినహాయింపు నిచ్చినది. మీనా తఱచుగా కనబడునది ఈ నగలయందే. ముద్ర లేనిచోట కొనువాని తెలివియే ముద్ర.

పనివాని మాట

నగను మెచ్చుకొని పనివానిని మఱచుట తగదు. చిన్న గుంటలో ఆవగింజంత పొడిని పెట్టుటకు కన్ను ఎంత శ్రమపడునో, ఎండలో సూదికి దారమెక్కించినవారికి తెలియును. సీసము కలిసిన గాజును పొడిగా నూఱినచో ధూళి ఊపిరితో లోనికి పోవును. సీసము నరములకును, రక్తమునకును కీడుచేయును. పిల్లలకు మఱింత కీడు. నీటిలో నూఱుట, పనిచోట భుజింపకుండుట, చేతులు కడిగికొని ఇల్లు చేరుట ఈ పనిలో తప్పనిసరి. సీసము లేని గాజుపొడులును ఇప్పుడు దొరకుచున్నవి. వానికి వేడి, మెఱుగు వేఱుగా నుండుటచే పనివాడు తన చేతిని మరల అలవాటు చేసికొనవలసియుండును.

జయపురమునను, వారణాసిలోను ఈ పని నేటికిని సాగుచున్నది. వారణాసిలో తెల్లని మీనాపై గులాబీవన్నె పూలు చిత్రించు పద్ధతి ప్రసిద్ధమైనది. మన హైదరాబాదు లక్కగాజులకు 2024వ సంవత్సరమున భౌగోళిక గుఱుతింపు లభించెను. ఇట్టి గుఱుతింపు పేరును కాపాడగలదు. చేతిని కాపాడునది మాత్రము న్యాయమైన కూలి. ఆ కూలి నిచ్చుటకు కొనువానికి పని తెలిసియుండవలెను.

కావున విద్యార్థులారా, ఈ సెలవులలో మూడు పనులు చేయుడు. ఇంటనున్న ఎనామిలు పళ్లెమును తిరగవేసి చూచి, పెచ్చు ఊడినచోట ఏమి కలిగినదో వ్రాసికొనుడు. మీ అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి, పాతనగ యున్నచో ఆమె చేతిలో నుండగనే దాని వెనుకతట్టును భూతద్దముతో చూడుడు. పెద్దలతో బేగంబజారునకు పోయినప్పుడు, మీనా యని చెప్పిన వస్తువును గూర్చి, ఇది కాల్చినదా, పూసినదా యని మర్యాదగా అడుగుడు. నిజము తెలిసిన వర్తకుడు సంతోషముతో చెప్పును. చెప్పనివాని మౌనమే మీకు జవాబు.

బంగారమును అగ్నిచే పరీక్షింతురని మన మెల్లరము విన్నదే. మీనానగయందు ఆ అగ్నికి నిలిచిన భాగము మేనివైపునకు తిరిగి, ఎవరికిని కనబడక యుండును. ఇకమీదట ఏ నగను చేతికి తీసికొన్నను, ముందుగా వెనుకకు త్రిప్పి చూడుడు.